ఉన్న ఊరు, ఉన్న మాట

ఉన్న ఊరూ కన్నతల్లీ ఒకటే అన్నారు పెద్దలు. కన్నతల్లిని గురించి నలుగురిలో చెప్పవలసి వచ్చినప్పుడు ఎవరమైనా ఓ పిసరు ఎక్కువే చెబుతాం. మా అమ్మ పెట్టిన చారు లాంటిది ఈ భూమ్మీద మరెక్కడా లేదంటాం. వినేవాళ్ళు నవ్వి తల ఊపుతారే గాని, "ఎన్ని ఇళ్ళలో చారు తాగి చూశావమ్మా?" అని నిలదియ్యరు. ఊరి సంగతీ అంతే. మా ఊరి నీళ్ళు కొబ్బరినీళ్ళంటాం, మా ఊరి గుడి దేవతలు కట్టిందంటాం. అబద్ధం చెప్పాలని కాదు, అభిమానం అలా పలికిస్తుంది.

బాగానే ఉంది. కాని ఆ మాటే, రేపు ఎవరింటి పిల్లో పాఠం కోసం వెతికి చదువుకునే పుస్తకంలో రాయమన్నారనుకోండి. అప్పుడేం చేస్తారు? అభిమానం కొద్దీ నోట అన్న మాటని, అదే అభిమానంతో కాగితం మీద పెట్టవచ్చునా?

ఈ ప్రశ్న ఇవాళ కొందరికి రోజూ ఎదురవుతోంది. వికీపీడియా అనే విజ్ఞాన సర్వస్వం ఫోనులో మీరూ చూసే ఉంటారు. తెలుగులో అది 2003 డిసెంబరులో మొదలైంది. ఇప్పుడందులో లక్షకు పైగా వ్యాసాలున్నాయి. వాటిని రాసేదీ దిద్దేదీ జీతం తీసుకునేవాళ్ళు కారు. ఆఫీసునుంచి ఇంటికొచ్చి ఓ గంట కూర్చునేవాళ్ళు, రిటైరైనవాళ్ళు, కాలేజీ పిల్లలు. ఎవరైనా రాయవచ్చు, ఎవరు రాసింది ఎవరైనా దిద్దవచ్చు. ఏ రోజు ఏ అక్షరం మార్చారో అంతా 'చరిత్ర' అన్నచోట దాఖలై ఉంటుంది. పేచీ వస్తే చర్చించుకోవడానికి ప్రతి వ్యాసానికీ ఓ పేజీ, అందరికీ సంబంధించిన విషయమైతే 'రచ్చబండ' ఉన్నాయి. అన్నిటికీ మించిన నియమం ఒకటుంది. "ఈ మాట ఎక్కడిది?" అని ఎవరడిగినా మూలం చూపించాలి. చూపించలేకపోతే ఎంత ముచ్చటైన వాక్యమైనా పోతుంది.

ఆంధ్రప్రదేశ్ గురించిన వ్యాసాన్నే తీసుకోండి. 1953లో కర్నూలు రాజధానిగా ఆంధ్రరాష్ట్రం, 1956లో హైదరాబాదు రాజధానిగా ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2న విభజన. పదమూడు జిల్లాలు 2022 ఏప్రిల్ 4న ఇరవయ్యారయ్యాయి. ఆ తరవాతా గీతలు కదులుతూనే వచ్చాయి. మనం బడిలో 974 కిలోమీటర్లని చదువుకున్న సముద్రతీరం, కొత్త కొలతల్లో వెయ్యి దాటింది. సముద్రం పెరగలేదు, కొలిచే తీరు మారింది. ఇలా మారినప్పుడల్లా ఎవరో ఒకరు కూర్చుని ఒక్క రాష్ట్రం పేజీయే కాదు, దాని కిందనున్న ఊళ్ళ పేజీలన్నీ సరిచెయ్యాలి. మదనపల్లె 1911 దాకా కడప జిల్లాలో ఉండేది. ఆ ఏడు చిత్తూరు జిల్లా ఏర్పడితే అందులో కలిసింది. 2022లో అన్నమయ్య జిల్లాలోకి వెళ్ళింది. అప్పుడు పుంగనూరూ కుప్పమూ చిత్తూరులోనే ఉండిపోయాయి. ఊరు ఉన్నచోటే ఉంది, ఇంటిపేరు మాత్రం మారుతోంది. ఈ అవస్థ ఏమిటో ఆడవాళ్ళకి వేరే చెప్పాలా!

అంకెలూ ఇంటిపేర్లూ దిద్దడం ఓపికతో అయ్యే పని. అభిమానాన్ని దిద్దడం అలా కాదు.

జనగణమన పుట్టింది మా మదనపల్లెలోనే అని చెప్పుకునేవాళ్ళున్నారు. కాని ఆ పాట 1911 డిసెంబరు 27నే కలకత్తా కాంగ్రెసు సభలో పాడారు. రవీంద్రనాథ ఠాగూరు మదనపల్లె బిసెంట్ థియొసాఫికల్ కాలేజీకి వచ్చింది 1919 ఫిబ్రవరిలో. అక్కడున్నప్పుడు ఆ పాటని ఆయనే ఇంగ్లీషు చేశారు. ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ గారి భార్య మార్గరెట్ కజిన్స్ సంగీతం చదువుకున్న మనిషి. పాట బాణీని ఆవిడ స్వరాలతో రాసి పెట్టారు. కనక వ్యాసం దిద్దేవాళ్ళు 'పుట్టింది' అన్న మాట కొట్టేసి 'అనువాదమైంది' అని రాయాలి. ఊరివాళ్ళకి మనసు చివుక్కుమంటుంది, నిజమే. కాని ఆలోచించి చూడండి. పాట ఇక్కడే పుట్టిందన్నంతకాలం మార్గరెట్ గారి పేరు ఎవరికీ అక్కర్లేకపోయింది. ఉన్నది ఉన్నట్టు రాసేసరికి, పక్కన కూర్చుని స్వరాలు రాసుకున్న ఇల్లాలు కూడా కనిపించింది.

జిడ్డు కృష్ణమూర్తిగారు పుట్టిందీ మదనపల్లెలోనే, 1895 మే నెలలో. కొన్ని పుస్తకాలు 11వ తేదీ అంటాయి, కొన్ని 12 అంటాయి. తల్లి సంజీవమ్మగారు అర్ధరాత్రి దాటిన అరగంటకు ప్రసవించారంటారు. ఇంగ్లీషు లెక్కలో అప్పటికే తేదీ మారిపోయింది. మన పంచాంగం లెక్కలో పొద్దు పొడిస్తేగాని రోజు మారదు. ఇద్దరిలో ఎవరూ తప్పు కాదు. రెండు తేదీలూ రాసి, తేడా ఎందుకొచ్చిందో ఒక వాక్యంలో చెబితే సరిపోతుంది. ఇంట్లో ఇద్దరు చెరోమాటా అన్నప్పుడు, ఒకరి నోరు మూయించకుండా ఇద్దరు చెప్పిందీ వినే పెద్దదిక్కులా ఉండాలన్నమాట.

పుంగనూరు ఆవు సంగతి చూడండి. ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు, మూడడుగులు కూడా ఉండదు. ఆ జాతి అంతరించిపోకుండా పలమనేరు పశుపరిశోధన కేంద్రంలో కాపాడుతున్నారు. దాన్ని చూస్తే ఎవరికైనా 'ప్రపంచంలోకెల్లా పొట్టి ఆవు' అని రాయబుద్ధేస్తుంది. కాని కేరళలో వేచూరు ఆవులున్నాయి. వాటిలో మాణిక్యం అనే ఆవు 61.1 సెంటీమీటర్లుందని 2014లో గిన్నిస్ రికార్డుకెక్కింది. కనక 'అతి పొట్టి జాతుల్లో ఒకటి' అని రాయాలి. ఆ 'ఒకటి' అన్న చిన్నమాట రాయడానికి ఎంత మనసు చంపుకోవాలో పెళ్ళిచూపుల్లో పిల్ల తల్లినడగండి!

ఇక కుప్పం. ఇటు తమిళనాడు, అటు కర్ణాటక, మూడు భాషలు ఒకే సంతలో వినిపించే ఊరు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది కూడా అక్కడే. 1989 నుంచి నారా చంద్రబాబునాయుడు గారు గెలుస్తూ వచ్చిన నియోజకవర్గం. అలాంటి ఊరి పేజీలో పొగిడేవాళ్ళ చెయ్యీ తిట్టేవాళ్ళ చెయ్యీ రెండూ దురదపెట్టడం సహజం. రాష్ట్రం పేజీలో 'రాజధాని' అన్న గడి దగ్గరా అంతే. 2020లో మూడు రాజధానుల చట్టం వచ్చింది, 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు. ఏ పార్టీని అభిమానించేవారైనా సరే, జరిగింది జరిగినట్టు తేదీలతో రాసి ఊరుకోవాలి. ఓటు వేసే చెయ్యి ఒకటి, రాసే చెయ్యి ఒకటి అనుకోవాలి.

ఇంత నిక్కచ్చిగా ఉంటే ఇక ఊరి మీద మమకారం ఏమైనట్టు అంటారేమో. బిడ్డకి జ్వరమొచ్చిన రాత్రి గుర్తు తెచ్చుకోండి. పక్కింటావిడతో మా వాడంత చురుకైనవాడు లేడని చెప్పే తల్లే, డాక్టరు దగ్గర ఒక్క మాట ఎక్కువ చెప్పదు, ఒక్క మాట దాచదు. పదింటికి నూటరెండు, రెండింటికి నూటమూడు, తాగిన పాలు కక్కేశాడు, అంతే. ఆ క్షణంలో ఆవిడ ప్రేమ తగ్గిందా? బిడ్డకి పనికొచ్చే మాట ఏదో ఆవిడకి తెలుసు. ఊరిని గురించి తేదీ చూసి, అంకె సరిచూసి రాసేవాళ్ళది కూడా అలాంటి ప్రేమే అని నాకనిపిస్తుంది. పైగా పేరు రాని పని. ఇంటి చాకిరీలాగే, చేస్తే కనబడదు, మానేస్తే తెలుస్తుంది.

అయితే ఈ నియమంలో నాకు మింగుడుపడని ముక్క ఒకటుంది. మదనపల్లె దగ్గరి చల్లని కొండని హార్స్‌లీ హిల్స్ అంటాం. కడప కలెక్టరుగా ఉన్న హార్స్‌లీ దొర పేరది. దాని పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. కొండమీద ఏనుగుల నీడన పెరిగిన ఆడపిల్ల కథ అది. దొరగారు కాగితాల్లో ఉన్నారు కనక నిలిచారు. మల్లమ్మ అవ్వల నోట మాత్రమే బతికింది కనక 'అని స్థానికులు చెబుతారు' అన్న తోకతో సరిపెట్టుకోవాలి. కాగితం ఎవరి చేతిలో ఉంటే సాక్ష్యం వారిదైపోతోంది. శెనక్కాయల ఊరుబిండి నూరే పద్ధతి, కరువు ఏడాది ఇంటిల్లిపాదికీ సంగటి ఎలా సరిపెట్టారన్న లెక్క, ఏ వీధిలో ఏ మంత్రసాని ఎందరికి పురుడు పోసిందన్న సంగతి, ఇవన్నీ తెలిసిన ఆడవాళ్ళు వాటిని రాసిపెట్టలేదు. మూలం లేదు కనక వ్యాసంలో చోటు లేదు.

అలాగని నియమం ఎత్తెయ్యమందామా? ఎత్తేస్తే మల్లమ్మతోపాటు మన గొప్పలన్నీ తోసుకొచ్చేస్తాయి. దారి ఇంకోటుంది, అదీ ఒక స్త్రీ చూపించిందే. తెలుగులో విజ్ఞాన సర్వస్వం తలపెట్టి, 'అ'కారం దాటి ఎంతో దూరం పోకుండానే 1923లో కన్నుమూసిన కొమర్రాజు లక్ష్మణరావుగారు అందరికీ తెలుసు. ఆయన అక్కగారు భండారు అచ్చమాంబ. స్త్రీల చరిత్రలు ఎక్కడా లేవని కూర్చుని బాధపడకుండా, వెతికి పోగుచేసి 1901లో 'అబలా సచ్చరిత్ర రత్నమాల' తెచ్చారు. చిన్న వయసులోనే 1905లో పోయారు. ఆవిడ రాయబట్టే ఇవాళ ఎవరైనా 'మూలం ఏది?' అంటే చూపించడానికి ఓ పుస్తకం ఉంది.

వికీపీడియాలో రాసేవాళ్ళలో ఆడవాళ్ళు పదిమందికి ఒకరో ఇద్దరో ఉంటారని సర్వేలు చెబుతున్నాయి. అక్కడిదాకా వెళ్ళడానికి తీరిక లేకపోతే పోనీండి. ఇంట్లో ఓ నోటుబుక్కుంటుంది. అవ్వో అత్తగారో చెప్పిన సంగతిని, ఎవరు చెప్పారు, ఏ ఊళ్ళో, ఏ తేదీన అన్నది పైన వేసి రాసిపెట్టండి. మన నోటుబుక్కే వికీపీడియావాళ్ళకి మూలంగా చెల్లదు, అచ్చులోకి రావాలి. కాని అచ్చువేసేవారెవరైనా ముందు అడిగేది ఆ నోటుబుక్కునే. రాసేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. అవ్వ తాను చూసిందని చెబితే 'చూసింది' అని రాయండి, విన్నదని చెబితే 'విన్నది' అనే రాయండి.