ఆయాసం కనిపించే పోరు

చిన్న బడ్జెట్ ఫైటింగ్ సినిమాలంటే నాకు ప్రాణం. కొట్టేది అమ్మాయైతే ఇక పనులన్నీ పక్కన పెట్టేస్తాను. కథ ఎటు పోతుందో ఇంటర్వెల్‌కి ముందే తెలిసిపోతుంది, చెయ్యి తగిలితే సెట్టింగు గోడ ఊగుతుంది. అయినా ఖరీదైన సినిమాల్లో దొరకనిదొకటి వీటిలో ఉంది. ఆయాసం. గ్రాఫిక్సుకి డబ్బుల్లేవు కాబట్టి దూకాల్సిందీ పడాల్సిందీ మనిషే. కాలు లేపబోయే ముందు మడమ నేలమీద కుదురుకోవడం, దెబ్బ తిన్నాక భుజాలు ఎగిసిపడటం కళ్ళారా చూస్తాం.

మనకిది పాత ముచ్చటే. 1970లో కె.ఎస్.ఆర్. దాస్ విజయలలితని కథానాయికగా పెట్టి 'రౌడీరాణి' తీశారు. పగ ఆమెది, తీర్చుకునేదీ ఆమే. మరుసటేడు ఆయనే కృష్ణతో తీసిన 'మోసగాళ్ళకు మోసగాడు' అందరికీ గుర్తుంది. రాణి ఎందరికి గుర్తుంది? నాకది అన్యాయమే అనిపిస్తుంది. విజయలలితని మన సినిమా ఎక్కువగా పిలిచింది డాన్సులకి. హాంకాంగ్‌లో 1966లో 'కమ్ డ్రింక్ విత్ మీ' కోసం కత్తి పట్టిన చెంగ్ పేయ్‌పేయ్ కూడా బాలే నేర్చిన పిల్లే. అడుగు తప్పకపోవడం, ఒంటి బరువుని ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదకి మార్చడం, చూపు నిలపడం, డాన్సుకీ పోరుకీ ఒకటే విద్య. ఊరికే చూసి ఆనందించడానికి అలవాటుపడ్డ కళ్ళకి ఎదురుగా ఆ ఒళ్ళే తిరగబడింది. నా సంతోషం అక్కడుంది.

ఆడది ఆయుధం పట్టడం మా కొల్లేటికోట వాళ్ళకి వింతేమీ కాదు. మా అమ్మవారు పెద్దింట్లమ్మ జలదుర్గ. ఫాల్గుణంలో జాతర, గోకర్ణేశ్వరుడితో కల్యాణం. కొల్లేటి లంక గ్రామాలన్నీ కదిలొస్తాయి. కానీ అమ్మవారికి అలుపు లేదు. ఆవిడ గెలుస్తుందో లేదోనని ఎవరూ బెంగపడరు.

ఒక మధ్యాహ్నం టీవీలో విజయశాంతి సినిమా వస్తోంది. మా పిన్ని కత్తిపీట ముందేసుకుని కొర్రమేనుకి బూడిద రాసి తోముతోంది. రౌడీలు విజయశాంతిని కింద పడేశారు. పిన్ని చెయ్యి చేప మీదే ఆగిపోయింది. "లెగవే తల్లీ, లెగు!" అంది, పక్క వీధికి వినపడేలా. జాతర తప్పకుండా ముడుపు చెల్లించే మనిషి. కష్టమొస్తే అమ్మవారిని ధైర్యం ఇమ్మని అడుగుతుంది. ఈ అమ్మాయికి మాత్రం తనే ధైర్యం చెప్పింది. ఎన్నో ఏళ్ళు నెత్తిన చేపల గంప మోసిన మనిషికి, పడ్డవాళ్ళు లేవడం ఎంత కష్టమో ఎవరూ చెప్పక్కర్లేదు.

1990లో 'కర్తవ్యం' విజయశాంతికి జాతీయ ఉత్తమ నటి అవార్డు తెచ్చిపెట్టింది. ఆ ఊపు కొన్నేళ్ళు నిలిచి, తర్వాత నాయికలు మళ్ళీ పాటల్లోకి వెళ్ళిపోయారు. 2022లో రాంగోపాల్ వర్మ 'అమ్మాయి' సినిమాకి టైక్వాండో తెలిసిన పూజా భలేకర్‌ని తీసుకున్నారు. నిజంగా విద్య వచ్చిన కాలు లేస్తే ఎంత అందం! కానీ కెమెరా ఆ కాలి విసురు కంటే ఒంటి ఒంపుల మీదే ఎక్కువ మనసు పెట్టింది. రాణిని తీసి యాభయ్యేళ్ళు దాటాక కూడా ఇదేం చూపు?

మా వైపు కబడ్డీ కూతకెళ్ళే పిల్లలున్నారు, గడకర్రతో దోనె నడిపే పిల్లలున్నారు. వాళ్ళలో ఒకరిని పెట్టి, కెమెరాని నాలుగడుగులు వెనక్కి జరిపి ఎవరైనా చిన్న సినిమా తియ్యాలి. మొదటాటకే పిన్నిని ఏలూరు తీసుకెళ్తాను.