‘మనం’, ‘మేము’: సామాన్య ఓటరు నైతిక బాధ్యత

జనాకర్షక తీవ్ర మితవాద పక్షాలకు ఓటు వేసే సామాన్యుని గురించి విమర్శకులు తరచుగా రెండు మాటలంటారు: అతడు మోసపోయాడు, లేదా అతని మనస్సు రోగగ్రస్తమైంది. మోసపోయినవానిపై జాలిపడతాం, రోగికి చికిత్స కోరతాం, ఇద్దరినీ సంజాయిషీ అడగం. ఓటరును ఇట్లా బాధ్యత నుంచి తప్పించడం సమంజసమేనా అన్నది ఇక్కడి ప్రశ్న.

ఈ భావజాలానికి డచ్ రాజనీతి శాస్త్రజ్ఞుడు కాస్ మ్యూడె మూడు లక్షణాలు చెప్పాడు: దేశం స్వజాతీయులదేననడం, కఠిన శిక్షలతో క్రమాన్ని కోరడం, నిర్మల ప్రజలకూ అవినీతిపరులైన ఉన్నత వర్గాలకూ మధ్యనే సంఘర్షణ ఉందనడం. ఇవి సమాజానికి బయటి రోగం కావనీ, ప్రధానస్రవంతి విలువలే తీవ్రరూపం దాల్చడమనీ 2010 నాటి వ్యాసంలో ఆయన వాదించాడు. ఈ వాదాన్ని అంగీకరిస్తే, ఆ విలువలు ఎక్కడ హద్దు దాటుతాయో విచారించక తప్పదు.

1989లో లైప్‌జిగ్ వీధుల్లో తూర్పు జర్మనీ పౌరులు ‘ప్రజలం మేమే’ అని నినదించారు. 2014లో డ్రెస్డెన్‌లో పెగీడా ఉద్యమం అదే నినాదాన్ని ముస్లిం వలసలకు వ్యతిరేకంగా ఎత్తుకున్నది. వినేవారిని కలుపుకొనే ‘మనం’, మినహాయించే ‘మేము’ అన్న భేదం తెలుగులో ఉంది; జర్మన్ సర్వనామంలో లేదు. పాలకులను ఉద్దేశించినప్పుడు రెండు సందర్భాల్లోనూ అది ‘మేము’. పక్కనున్న పొరుగువానికి మాత్రం 1989లో అది ‘మనం’గా వినిపించగలిగింది, 2014లో వలస వచ్చినవానికి ‘మేము’గానే వినిపించింది. హద్దు దాటినది అక్కడే.

1990 ఏకీకరణానంతరం తూర్పు ప్రాంతంలో కర్మాగారాలు మూతపడ్డాయి. యువత పశ్చిమానికి తరలిపోయింది. ఆ క్షోభ వాస్తవం. అయితే కారణం వేరు, సమర్థన వేరు. కర్మాగారాల మూతలో ఏ పాత్రా లేని శరణార్థిపై ఆ క్షోభను మోపడం ఓటరు చేసుకున్న ఎంపిక. అందుకు అతడు జవాబుదారీ.

2013లో ఏర్పడిన ఏఎఫ్‌డీ పార్టీకి జాతీయ ఎన్నికల్లో 2017లో 12.6 శాతం, 2025లో 20.8 శాతం ఓట్లు వచ్చాయి. వారందరి ఉద్దేశాలూ ఒకటి కావు. అందరినీ రోగులని తోసివేసే విమర్శకుడు కూడా ‘మేము’ అనే మాట్లాడుతున్నాడు. ఓటరును సంజాయిషీ అడగడమంటే అతణ్ణి వివేకం గల పౌరునిగా అంగీకరించడం. ఆ ప్రశ్న ‘మనం’ లోపలి నుంచి అడిగినప్పుడే దానికి నైతికాధికారం ఉంటుంది.