మరచువారిని మనము మరువవచ్చునా?



కొన్ని ఏండ్ల క్రిందట మా సంఘములో కానుకల లెక్క చూచుచుండిన పెద్ద యొకరు ఒక ఆదివారపు కానుకను పుస్తకములో రెండుసార్లు ఎక్కించిరి. మరియొక వారము అసలే ఎక్కింపలేదు. కొందరు గుసగుసలాడిరి. వారి పక్షమున మేమును నోరు తెరువలేదు. లెక్కపుస్తకము వారి చేతినుండి తీసికొంటిమి. రెండేండ్ల తరువాత వారు సంతనుండి తమ యింటికి దారి తప్పినప్పుడు గాని, అది దొంగతనము కాదు, వ్యాధి యని మాకు తెలియలేదు. తప్పు చేసినది వారు కారు, మేము.

ఈ సంగతి ఇప్పుడేల చెప్పుచున్నామనగా, మతిమరుపు వ్యాధిని ముందుగా కనిపెట్టుటకు పలక వంటి చిన్న కంప్యూటరు మీద పరీక్షలు వచ్చియున్నవి. దానిని టాబ్లెట్ అందురు. మ్రింగెడి మాత్ర కాదు. అద్దము మీద బొమ్మలును మాటలును కనబడును. పెద్దలు వ్రేలితో తాకి జవాబియ్యవలెను. ఏది తాకిరో అదియే గాక, ఎంత సేపటికి తాకిరో కూడ యంత్రము లెక్కించును.

తెలుగు మాటలాడువారు అనేకులున్న కోలారు జిల్లా మనకు దూరము కాదు. అక్కడి శ్రీనివాసపురము తాలూకాలో, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లోని మెదడు పరిశోధన కేంద్రమువారు 2018లో ఒక పని ఆరంభించిరి. 45 ఏండ్లు దాటిన 10,000 మంది పల్లెవాసులను ఏండ్ల తరబడి పరిశీలింపవలెనని వారి సంకల్పము. కంప్యూటరుతో జ్ఞాపకశక్తిని పరీక్షించుట అందులో ఒక భాగము. 2023లో ప్రకటింపబడిన దేశపు లెక్క ప్రకారము, 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 వంతున, అనగా సుమారు 88 లక్షల మందికి ఈ వ్యాధి యున్నది. పట్టణములకంటె పల్లెలలోనే హెచ్చు.

అయితే ఇట్టి పరీక్ష చేయించుట మంచిదా?

మందు లేని వ్యాధిని తెలిసికొని యేమి లాభమని కొందరందురు. పూర్తిగా కుదుర్చు మందు లేదన్నది నిజమే. కాని మరపంతయు ఆ వ్యాధి కాదు. బి12 విటమిను కొరతవలనను, థైరాయిడ్ లోపమువలనను, మనోవ్యాకులమువలనను మరపు కలుగును. వీటికి చికిత్స గలదు. ఆ వ్యాధియే యైనను, పొలము సంగతి, బ్యాంకు సంగతి, తన కోరిక తెలివి యుండగనే చెప్పుకొనవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, వ్యాధిని దోషమని యెంచు పాపమును మనము తప్పించుకొందుము.

రెండవ పక్షమును కలదు. బడి మెట్టు ఎక్కని అవ్వ వణకు చేతితో ఆలస్యముగా తాకినయెడల, అది మెదడు లోపమా, అలవాటు లేమియా, కంటి పొరయా? 1975లో అమెరికాలో వెలువడిన ప్రసిద్ధ పరీక్షలో ఒక వాక్యము వ్రాయుమని యుండెను. హర్యానా పల్లెలలోని చదువురాని వృద్ధులకై దానిని మార్చి 1995లో ప్రకటించినవారు, వ్రాయుటకు బదులు నీ యింటిని గూర్చి చెప్పుమని అడిగిరి. హైదరాబాదు నిమ్స్ వైద్యులు 648 మంది రోగులను చూచి 2013లో ప్రకటించినదేమనగా, రెండు భాషలు మాటలాడువారికి ఈ వ్యాధి సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా వచ్చెను. చదువురానివారిలోను ఈ భేదము కనబడెను. కావున అక్షరము లేనివారికి తెలివి లేదనరాదు. యంత్రము అడుగునది ప్రశ్న మాత్రమే; అది తీర్పు కాదు. వైద్యుడు చూచిన పిమ్మటనే నిర్ణయము.

గిలాదీయుడైన బర్జిల్లయిని తలంచుడి (2 సమూయేలు 19). దావీదు రాజు యెరూషలేమునకు రమ్మని పిలువగా, ఎనుబది యేండ్ల ఆ పెద్ద తనకు రుచి తెలియదనియు, పాట వినబడదనియు తానే ఒప్పుకొని, తనకు బదులు కింహామును పంపెను. ఆయన లోపమును ఇతరులు బయటపెట్టలేదు. రాజు ఆయనను తక్కువగా చూడలేదు, ముద్దుపెట్టుకొని దీవించెను.

కాబట్టి పింఛను కొరకో రేషను కొరకో అని నమ్మించి పెద్దల వ్రేలు పలకపై పెట్టించుట అన్యాయము. ఎందుకో వారి మాటలలో చెప్పి, వారు సరే యన్న పిమ్మటనే పెట్టవలెను. ఫలితము ఎవరికి చెప్పవలెనో వారినే అడుగవలెను. మన సీమలో వానలు తప్పి, బిడ్డలు పనులకై బెంగుళూరు పోగా, ముసలివారు ఒంటరిగా నున్న యిండ్లు అనేకము. పరీక్ష చేసినవారు సాయంకాలము వెళ్లిపోవుదురు. మరునాడు సంగటి పెట్టువారెవరు? ఆస్పత్రికి తోడు పోవువారెవరు? పలక ఊరిలోనికి రాకమునుపే సంఘము ఈ పేర్లు వ్రాసికొనవలెను.

మా పెద్దను గూర్చి చెప్పి ముగింతుము. సంఘమంతయు నిలిచి వారిని క్షమాపణ అడిగితిమి. వారు మా ముఖములు చూచి చిరునవ్వు నవ్వి, మీదే ఊరని అడిగిరి. మా మాట వారికి చేరవలసిన కాలము గడచిపోయెను. మీ సంఘములో అట్టి ఆలస్యము కలుగకుండును గాక.