తెలిసిన చేతికి వెల ఎంత?

పని తెలిసినవాడికీ, చేయించుకునేవాడికీ మధ్య ఎప్పుడూ కొంత చీకటి ఉంటుంది. ఆ చీకట్లో ఏం జరిగిందో ఒకడికే తెలుసు. వైద్యుడు, వకీలు, కంసాలి, మెకానిక్కు, వీళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు డబ్బుతోబాటు మన అజ్ఞానాన్ని కూడా వాళ్ళ చేతిలో పెడతాం. దాన్ని వాడుకుని బతికేవాణ్ణి మోసగాడంటాం. బాగానే ఉంది. మరి దాన్ని వాడుకోనివాడికి మనం ఏం బాకీ పడతాం? ఈ ప్రశ్న గురించి మనం పెద్దగా ఆలోచించం.

మాది హోసూరు. ఇంట్లో మా నాన్నగారి కాలంనాటి ప్రీమియర్ పద్మిని కారొకటి ఉంది. ఫియట్ 1100 నమూనా మీద బొంబాయి కుర్లాలో తయారైన బండి. తయారీ 2000 ప్రాంతంలో ఆగిపోయింది. బొంబాయిలో టాక్సీలుగా తిరిగిన పద్మినుల్లో ఆఖరుగా రిజిస్టరైన దానికి కూడా 2023 అక్టోబరులో గడువు తీరింది. బండ్లతోబాటు వాటి మర్మం తెలిసినవాళ్ళూ తగ్గిపోతున్నారు.

ఆ మధ్య మా కారు వేడెక్కేకొద్దీ కుదుపులిస్తూ, మిట్ట ఎక్కలేక ఆగిపోవడం మొదలుపెట్టింది. దగ్గరలో ఒక గ్యారేజీలో చూపిస్తే, 'ఇంజను బోరుకొచ్చింది, ముప్ఫై వేలవుతుంది' అన్నారు. బెంగుళూరులో పాత ఫియట్లు మాత్రమే చూసే మేస్త్రి ఒకాయన ఉన్నాడని తెలిసి అక్కడికి తీసుకెళ్ళాం. మనవైపు తెలుగే మాట్లాడతాడు.

ఇంజను కాగేదాకా నడిపించి, చెవొగ్గి విన్నాడు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లు చూపించాడు. ఒకటి గుంటపడి ఉంది, రెండోది మొటిమలా లేచి ఉంది. "కండెన్సర్ పోయుండాది సామీ. చల్లగా ఉంటే పలుకుతాది, కాగితే చచ్చిపోతాది. ఇంజనుకేం రోగం లేదు, దాన్ని ఇప్పించొద్దు" అన్నాడు. ఆ రెండూ మార్చి, సందు సరిచేశాడు. ఇథనాల్ కలిసిన పెట్రోలుకు పాత రబ్బరు గొట్టాలు ఆగవని, అదొకటి మార్చుకోమని, ఊళ్ళోనే దొరుకుతుందని చెప్పాడు. తీసేసిన సామాను కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు. పనంతా ఇరవై నిమిషాలు. సామాన్ల ఖర్చు కాక కూలి ఐదు వందలు అడిగాడు.

తిరుగుదారిలో మా మేనల్లుడు, "ఇరవై నిమిషాలకు ఐదొందలా మామా?" అన్నాడు. వాడు పిసినారి కాడు. మనందరి లెక్కా అదే.

ఆ లెక్క ఎటు పోతుందో చూడండి. మొదటి గ్యారేజీకే ఇచ్చి ఉంటే కారును వారం ఉంచుకునేవాళ్ళు. ఇంజను విప్పి పరిచేవాళ్ళు. మసి చేతులు, చెమట, నూనె చూసి ముప్ఫై వేలూ ఇచ్చి వచ్చేవాళ్ళం. అంతటితో అయిపోదు. ఇంజను తిరిగి బిగించేటప్పుడు పాయింట్లూ కండెన్సరూ ఎలాగూ కొత్తవే వేస్తారు కదా! బండి చక్కగా నడిచేది. బోరు చేయించబట్టే బాగైందని నలుగురికీ చెప్పేవాళ్ళం. తప్పుడు మాట తనను తాను రుజువు చేసుకునేది. నేను చీకటి అన్నది దీన్నే.

ఆ గ్యారేజీవాళ్ళు మోసగాళ్ళని నేననను. ఇప్పటి కుర్రవాళ్ళు కారుకు తీగ తగిలించి, కంప్యూటర్ చెప్పిన జబ్బును నయం చేయడం నేర్చుకుంటున్నారు. ఈ బండిలో ఆ తీగ పెట్టే చోటే లేదు. తెలియకపోవడం తప్పు కాదు. తెలియదనే మాట నోట రాకపోవడమే తప్పు. ఎందుకంటే నష్టపోయేవాడికి అజ్ఞానమైనా మోసమైనా బిల్లు ఒకటే.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో నాలుగో అధికరణం మొదటి ప్రకరణం పేరు కారుకరక్షణ. అంటే చేతిపనివాళ్ళ నుంచి జనాన్ని కాపాడటం. సాలెలు, చాకళ్ళు, కంసాలులతోబాటు వైద్యులకు కూడా అక్కడ శిక్షలు రాసి ఉన్నాయి. మన కాలంలో 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, దాని స్థానంలో వచ్చిన 2019 చట్టం చేసేదీ అదే పని. అవన్నీ అవసరమే. కాని చట్టం చెడ్డ పనిని పట్టుకోగలదు. అక్కరలేని పని చేయనన్నవాణ్ణి సన్మానించలేదు. అది మన వంతు.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది. కాలానికి కాదు, విద్యకే వెల అంటే, దానికి హద్దేది? ఆయన ఐదు వేలడిగినా విద్య పేరు చెప్పి ఇచ్చుకోవలసిందేనా? కాదు. విద్య ఎన్నేళ్ళు నేర్చినా, ఎదుటివాడి అవసరాన్ని తూచి చెప్పే ధర న్యాయం కాదు. పని చూడగానే చెప్పే ధర, ఎవరు అడిగినా మారని ధర, చేసిన పనిని విప్పి చూపించగల ధర, ఇవే హద్దులు. ఈ మూడింటికీ నిలబడ్డ తర్వాత గడియారం చూడటం మనకు తగదు. మందు అక్కరలేదని పంపించే డాక్టరుకు ఫీజు దండగని గొణుక్కుని, సంచీ నిండా మందులు రాసేవాణ్ణి హస్తవాసి గలవాడని పొగడటం కూడా ఇలాంటిదే.

నిజం చెప్పినవాడికి నిమిషాలు లెక్కగట్టి, చెప్పనివాడికి రోజులు లెక్కగట్టి ఇస్తూ పోతే, రెండోవాళ్ళే మిగులుతారు. ఆ మేస్త్రి పక్కన స్పానర్లు అందిస్తూ పదహారేళ్ళ కుర్రాడొకడు నిలబడి ఉన్నాడు. కండెన్సర్ మార్చడం వాడు ఎలాగూ నేర్చుకుంటాడు. దాంతోబాటు ఉన్నమాట చెబితే ఎంత గిట్టుతుందో కూడా నేర్చుకుంటాడు. ఆ రెండో పాఠం మేస్త్రి చెప్పేది కాదు. మనం జేబులో చెయ్యి పెట్టే తీరును బట్టి వాడే గ్రహిస్తాడు.