పంక్తిభేదము

గడచిన వేసవి సెలవులలో మా కుమారుడు తనతోబాటు విశ్వవిద్యాలయమున జదువుచున్న మిత్రునొకని మా యింటికి దీసికొనివచ్చెను. ఆ బాలుడు వినయవంతుడు, మితభాషి. భోజనమునకు గూర్చుండి వడ్డన సాగుచుండగా, మాట గలుపవలెనను తలంపుతో మేమాతనిని “నాయనా, మీ యింటిపేరేమి?” అని యడిగితిమి. అతడు తలయెత్తక తన యూరిపేరు చెప్పెను. మేము మరల నడుగలేదు. ఆ రాత్రి మా కుమారుడు మాతో, “నాన్నగారూ, ఈ ప్రశ్నకు జంకియే అతడు ఒకరి యింటికి బోడు. మన యింట నెవరు నడుగరని నేను మాట యిచ్చి పిలిచితిని” అనెను. సంస్కారము గలవారమని చిరకాలముగా దలచుకొనుచున్న మాకు ఆ మాట ములుకువలె నాటెను.

మరునాడు మేము వానిని విశ్వవిద్యాలయపు భోజనశాల సంగతి యడిగితిమి. అచ్చట నియమమేదియు లేదట. అయినను ఒక్కొక్క బల్ల కడ ఒక్కొక్క తెగవారు చేరుదురట. ఎవరు నెవరిని లేవగొట్టరు. ఎవరు నెవరి చెంతకు బోరు. మన తాతలనాటి పంక్తిభేదమునకు కావలి యుండెడివారు. నేటి దానికి కావలివారి యక్కరయే లేదు. దీనిని జూచి పెద్దలు కొందరు, “ఆ పిల్లలు తమలో దామే కూడియుందురు, తమకు దామే సంఘములు పెట్టుకొందురు, విద్యాలయములలోనికి కులమును దెచ్చినవారు వారే” అని వెనుకబడిన కులముల విద్యార్థులను నిందింతురు. ఈ నింద న్యాయమా? తనవారితో గూర్చుండుట దోషమా? చదువరులతో గలసి మేమిచ్చట విచారింపదలచిన ప్రశ్న యిదియే.

ముందుగా మన పూర్వుల నడవడిని జ్ఞప్తికి దెచ్చుకొందము. తెలుగుదేశమున ఆంగ్లవిద్య వ్యాపించిన తొలిదినములలో పల్లె నుండి పట్టణమునకు జదువవచ్చిన బాలునికి పాఠముకన్న ముందు వచ్చిన చిక్కు అన్నము. పేద బ్రాహ్మణ బాలురు వారములు చేసికొని, దినమునకొక యింట భుజించుచు జదువుకొనిరి. దక్కిన కులములవారికి ఆ దారి లేదు. పూటకూళ్ల యిండ్లలో పంక్తియు దుర్లభమే. అంటరానివారని వెలివేయబడినవారి మాట చెప్పనేల? కావుననే ఆయా కులములలోని సంపన్నులు తమ బాలుర కొరకు వసతిగృహములు కట్టించిరి. ఉస్మానియా విశ్వవిద్యాలయము వెలసిన 1918వ సంవత్సరముననే హైదరాబాదున రాజబహద్దూరు వేంకటరామారెడ్డిగారి పూనికతో రెడ్డి వసతిగృహము వెలసెను. కాకినాడలో రఘుపతి వేంకటరత్నం నాయుడుగారు పిఠాపురము మహారాజావారి సాయముతో, ఎవరును దరిజేరనీయని బిడ్డలకు వసతి కల్పించిరి. ఈ గృహములే లేకున్నచో నేడు మనమెరిగిన విద్యావంతుల కుటుంబములెన్నియో పల్లెలలోనే యుండిపోయెడివి. అట్టి కుటుంబములవారే నేడు మరియొకరి బిడ్డలను జూచి, “మీరేల కూడియుందురు?” అని యడుగుట విడ్డూరము.

తనవారి కొరకు బుట్టిన యిల్లు తనవారితోనే ముగియవలెనను నియమము లేదు. రెడ్డి వసతిగృహమునకు కార్యదర్శిగా బనిచేసిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున కవులే లేరన్న మాటకు బదులుగా 354 మంది కవుల రచనలను సమకూర్చి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. ఒక కులము పేర వెలసిన యింటి సేవలో నిలిచిన చేయియే ఒక ప్రాంతమునంతకును గౌరవము దెచ్చెను.

దీనినిబట్టి మాకు దోచునదేమనగా, తనవారితో గూడుటలో రెండు తెరగులు గలవు. ఒకటి నీడ, రెండవది గోడ. ఎండకు దాళలేనివాడు చెట్టునీడకు జేరును. ఎండ తగ్గిన పిమ్మట లేచి పోవును. మరియొకడు వచ్చిన జరిగి చోటిచ్చును. గోడ యట్టిది గాదు. అది ఇతరులను రానీయకుండుటకే కట్టబడును. దూరమునుండి చూచువానికి నీడన జేరిన గుంపును గోడవెనుక గుంపును ఒక్కతీరుననే కనిపించును. భేదము తెలియవలెనన్న దగ్గరకు బోయి, “ఇచ్చట నేల చేరితిరి?” అని యడుగవలెను.

సంఘపరిశోధకులు చేయు పని యిదియే. ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞాన సంస్థలో షెడ్యూల్డు కులముల, తెగల విద్యార్థుల స్థితిని విచారించుటకు నియమింపబడిన సుఖదేవ్ థోరట్ గారి సంఘము 2007లో తన నివేదికను సమర్పించెను. వసతిగృహములలో ఈ విద్యార్థులు కొన్ని అంతస్తులలోనే గుమిగూడియుండిరి. చూచినవారు వారే కోరి వేరుపడిరనుకొందురు. అడిగినపుడు గదా, తమ తమ గదులలో అవమానములను, వేధింపులను సహింపలేక ఒక్కొక్కరుగా నచ్చటికి జేరిరని తేలినది! కన్నులు జూపినది గుంపు. ప్రశ్న చూపినది ఎండ.

హైదరాబాదు విశ్వవిద్యాలయ చరిత్రలోని యొక దుఃఖదినమును గూడ నిచ్చట దలపక తప్పదు. వసతిగృహము నుండి వెలివేయబడిన అయిదుగురు విద్యార్థులు విశ్వవిద్యాలయపు ఆవరణముననే ఆరుబయట గుడారము వేసికొని, దానికి “వెలివాడ” యని పేరుపెట్టిరి. వారిలో నొకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17వ తేదీన ప్రాణము దీసికొనెను. అతడు దళితుడు అవునా, కాదా యను విచారణలు ఆ పిమ్మట సంవత్సరముల తరబడి సాగినవి. వెలివాడయను మాట యొక పరిశోధక విద్యార్థి నోట నేల వచ్చెనను ప్రశ్నకు అంతటి శ్రద్ధ లభించెనా?

కావున ప్రశ్నలలోను రెండు తెరగులు గలవు. ఒకనిని ఎచ్చట గూర్చుండబెట్టవలెనో నిశ్చయించుకొనుటకై యడుగునది యొకటి. అతడచ్చటనే ఏల కూర్చుండవలసివచ్చెనో తెలిసికొనుటకై యడుగునది మరియొకటి. “మీరేమిట్లు?” అన్నది మొదటి తెగకు జెందిన పాతప్రశ్న. నేటి విద్యాలయములలో “నీ ర్యాంకెంత?” యన్నది పెక్కుమారులు దానికే వేసిన క్రొత్త వేషము.

“అడిగినకొలది కులము పెరుగును; అడుగక యూరకున్న దానంతట నదియే నశించును” అని కొందరనెదరు. ఇందు సత్యలేశము లేకపోలేదు. అడుగుట నొప్పించునని మా యింటి భోజనపు పీట మీదనే మేము నేర్చుకొంటిమి. కాని కొలువనంత మాత్రమున జ్వరము తగ్గునా? తన కులమువలన దనకే బాధయు లేనివాడు “నేను కులమెరుగను” అనుట సులభము. ఆ మాట వలన బాధపడువాని నోరు మూయబడును. అడుగువాడు ఉత్తరమునకు గట్టుబడియుండవలెను. చెప్పినవాని పేరు దాచవలెను. తెలిసిన దానివలన మేలు చెప్పినవానికే చేరవలెను. ఇట్లు చేయలేనివానికి ఆ ప్రశ్న నడుగు నధికారము లేదు.

మరి, అందరిని ఒకచోట గలిపియుంచిన జాలునా? చాలదనియే పరిశోధకులు చెప్పుచున్నారు. గోర్డన్ ఆల్‌పోర్టు అను అమెరికా మనస్తత్త్వవేత్త 1954లో వెలువరించిన గ్రంథమున, కలయికవలన ద్వేషము తగ్గుటకు సమానస్థానము, ఒకే లక్ష్యము, పరస్పర సహకారము, అధికారుల యండ యను నాలుగును వలయునని చెప్పెను. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌను విశ్వవిద్యాలయమున ఇరువురుండు గదులలో తెల్లవారిని, నల్లవారిని ఏరికూర్పు లేక కలిపి యుంచగా, తెల్ల విద్యార్థులలో దురభిప్రాయములు తగ్గెను. నల్ల విద్యార్థుల చదువు మెరుగయ్యెను. ఉత్తరప్రదేశమున వేర్వేరు కులముల యువకులచే క్రికెట్ ఆడించి చేసిన పరిశోధన, 2021లో వెలువడినది, మరియొక సంగతిని దెలుపుచున్నది. ఒకే జట్టున నాడినవారిలో కులము దాటిన స్నేహములు పెరిగెను. ఎదిరిజట్లుగా దలపడినవారికి ఆ మేలు కలుగలేదు. మన విద్యాలయములలో బాలురు కలియుచున్నది జట్టుగానా, ఎదిరిజట్లుగానా? ర్యాంకుల కొరకు, మార్కుల కొరకు, ఉద్యోగముల కొరకు ఒకరినొకరు తోసికొనునట్లు వారిని నిలిపి, వారు స్నేహితులు గాలేదని వగచుటలో ఫలమేమి?

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. ఎండ కాయుచున్నంతకాలము నీడకు జేరుట దోషము గాదు. ఎండను గాయించుచు, నీడన జేరినవానిని నిందించుట దోషము. భోజనశాలలో ముందుగా లేవవలసినవాడు ఎక్కడ గూర్చుండినను చెల్లునను ధైర్యము గలవాడే. అతడు పళ్లెము చేతబట్టి యవతలి బల్ల కడకు బోయి, “ఇచ్చట గూర్చుండవచ్చునా?” అని యడుగవలెను. ఒకనాడు కాదనిన చిన్నబుచ్చుకొనక మరునాడు మరల నడుగవలెను. తరతరములుగా కాదనిపించుకొన్నవారు ఒక్కనాటిలో నమ్ముదురా?

ఈ యభ్యాసము విశ్వవిద్యాలయమున మొదలుకాదు. బిడ్డలు దానిని మన వంటయింటి గడపకడనే నేర్చుకొని పోవుదురు. ఎవరి మిత్రులకు లోపల వడ్డింతుమో, ఎవరికి వరండాలో కాఫీ యిచ్చి పంపుదుమో వారు చూచుచునేయుందురు. సంస్కరణమును గూర్చి మనము చెప్పిన మాటలకన్న మన చేతి గరిటె వారికెక్కువ నేర్పును.

ఆ బాలుడు దసరా సెలవులకు మరల వచ్చునని మా కుమారుడు చెప్పుచున్నాడు. ఈమారు మేమాతని యింటిపేరు నడుగము. అతడు తానై చెప్పిన వినెదము. చెప్పకున్న నది మాకక్కరలేదు.