తడి ఒకచోట, చిల్లు మరియొకచోట

ధ్యానమునకు: లేవీయకాండము 14:33–53, యెహోషువ 7వ అధ్యాయము, యోహాను 9:1–3



ఈ మాసము మనము ఆలోచింపవలసిన ప్రశ్న యిది: ఒక కీడు కనబడినప్పుడు దానిని తుడిచివేయుట చాలునా, లేక దాని మూలమును వెదకవలెనా? వెదకుచుండగా ఒకని మీద నింద మోపుటకు మనకు ఎప్పుడు హక్కు కలుగును? ప్రశ్న పెద్దదే గాని, దీనిని విప్పి చూచుటకు మిక్కిలి చిన్న సంగతి నొకదానిని తీసికొందము. అది కారులో చేరు తడి.

ఇప్పుడు మన గ్రామములలో సహితము కార్లు వచ్చినవి. కొందరు సొంత అవసరమునకు, కొందరు కిరాయికి త్రిప్పి బ్రదుకుటకు వాటిని ఉంచుకొనియున్నారు. వానకాలములో తలుపు తెరువగానే ముక్కవాసన, కాలి క్రింద మ్యాటుకు చెమ్మ, తెల్లవారున అద్దములకు లోపలి ప్రక్కను మసక – ఇవి వారెరిగినవే. అప్పుడు సాధారణముగా ఏమి చేయుదురు? మ్యాటు ఎండలో వేయుదురు. సువాసన సీసా యొకటి డాష్‌బోర్డు మీద పెట్టుదురు. రెండు దినములు బాగుండును. మూడవ దినమున తడి మరల వచ్చును. ఏలయనగా పైది ఎండినను, దాని క్రిందనున్న మందపు స్పాంజి నీటిని పట్టుకొని యుండును. ఆ స్పాంజి క్రింద ఇనుపరేకు మెల్లమెల్లగా త్రుప్పు పట్టుచుండును. ఆ దారిన పోవు వైర్ల ముడులును చెడిపోవును. పైన సువాసన, క్రింద నాశనము. ప్రజల గాయమును లోతు చూడక పైపైన కట్టి, అంతయు క్షేమమే అని చెప్పు బోధకులను గూర్చి యిర్మీయా ప్రవక్త దుఃఖించినది ఇట్టి పనిని గూర్చియే (యిర్మీయా 6:14). కావున తుడిచివేయుట చాలదు. మూలమును వెదకవలెను. అయితే ఎట్లు వెదకవలెను?

మొదటి సంగతి: తడి కనబడిన చోటనే చిల్లు ఉండునని అనుకొనరాదు. నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అని మన పెద్దలందురు. కారు ముందు అద్దము అడుగున, వైపర్ల క్రింద, కాలువవంటి పల్లము కలదు. అందులో పడిన వాననీరు ప్రక్కనున్న రంధ్రముల గుండ నేలకు పోవలెను. కారును చింతచెట్టు క్రింద నిలిపినయెడల చింతాకు రాలి ఆ రంధ్రములను పూడ్చును. నీరు అక్కడ నిండి, బయటిగాలి లోనికి వచ్చు త్రోవను దిగి, కూర్చుండువారి పాదముల యొద్ద తేలును. తలుపు సంగతియు అట్టిదే. అద్దము ప్రక్కగా కొంత నీరు తలుపు లోపలికి దిగుట సహజము. అది పోవుటకు అడుగున రంధ్రములున్నవి. లోపలి అట్ట వెనుక ఒక పలుచని ప్లాస్టిక్ పొర అంటించియుందురు. స్పీకర్లు బిగించునప్పుడు ఆ పొర చినిగినయెడల, నీరు కూర్చుండు చోటికి వచ్చును. వెనుక దీపముల చుట్టునున్న రబ్బరు పగిలినయెడల, డిక్కీలో స్టెప్నీ ఉంచు గుంట నిండును. ముందు ప్రవేశించిన నీరు నేల వాలును బట్టి వెనుక సీటు క్రింద కనబడుటయు కలదు.

ఇశ్రాయేలీయులకు హాయి పట్టణము యొద్ద సంభవించినది ఇదియే. అక్కడ ఓటమి కలిగెను, ముప్పదియారుగురు చచ్చిరి. యుద్ధము చేసినవారు పిరికివారనియో, వేగుచూచినవారు తప్పు చెప్పిరనియో ఎవరైనను అనుకొనవచ్చును. అయితే మూలము హాయిలో లేదు. ఆకాను డేరాలో, నేల క్రింద పాతిపెట్టబడియుండెను. తడి యుద్ధభూమిలో, చిల్లు గుడారములో.

రెండవ సంగతి: ఒక్కొక్కదానిని ఓపికతో పరీక్షింపవలెను. మంచి మెకానిక్ మొదట పనిముట్టు పట్టడు, ప్రశ్న అడుగును. వాన తరువాత తడియగుచున్నదా? కడిగిన తరువాతనా? వాన లేని దినమున ఏ.సి. వేసినప్పుడా? పిమ్మట నీటిని వ్రేలితో ముట్టి చూచును. రంగు కలిగి, జిడ్డుగా, కొంచెము తియ్యని వాసనతో నున్నయెడల అది వాననీరు కాదు, ఇంజను చల్లబరచు కూలెంటు. అది వాననీరేయని తోచినయెడల, అంతయు ఆరబెట్టి, ఒకనిని టార్చిలైటుతో లోపల కూర్చుండబెట్టి, వెలుపలినుండి క్రింది భాగమున మొదలుపెట్టి పైకి, ఒక్కొక్క చోట నెమ్మదిగా నీరు పోయించును. ఒక్కసారిగా కారంతటిమీద కుమ్మరించినయెడల కారుచున్నదని తెలియును గాని, ఎచ్చట కారుచున్నదో తెలియదు.

లేవీయకాండములో ఇంటి గోడకు పట్టిన కుష్ఠును గూర్చిన విధిని చూడుడి. యాజకుడు లోపలికి రాకమునుపే సామానంతయు వెలుపలికి తేవలెను. ఎందుకు? ఇంటిలోని సమస్తము అపవిత్రమని ఎంచబడకుండునట్లు! పరీక్ష ముగియకమునుపే నష్టము కలుగుట దేవునికి ఇష్టము లేదు. పిమ్మట ఏడు దినములు ఇల్లు మూసియుంచి మరల చూడవలెను. మచ్చ వ్యాపించినయెడల ఆ రాళ్లను మాత్రమే ఊడదీయవలెను. గోడలు గీకి, క్రొత్త అడుసు పూసిన తరువాతను మచ్చ తిరిగి వచ్చినప్పుడే ఇల్లు పడగొట్టవలెను. మనమో, మొదటి చూపులోనే పార తెచ్చెదము.

మూడవ సంగతి: తడిని తీసివేయుటకు పెట్టినదే తడికి మూలము కావచ్చును. 1902వ సంవత్సరమున అమెరికాలోని బ్రూక్లిన్‌లో ఒక అచ్చుకూటమునందు, గాలిలోని చెమ్మచేత కాగితము సాగి రంగులు కుదరకుండెను. ఆ చెమ్మను అదుపు చేయుటకు విల్లిస్ క్యారియర్ అను ఇంజనీరు చేసిన ఏర్పాటే నేటి ఏ.సి. యంత్రమునకు మొదలు. కారులోని ఏ.సి.యు అట్లే గాలిలోని చెమ్మను చల్లని కాయిల్ మీద నీరుగా మార్చి, ఒక చిన్న గొట్టము గుండ నేలకు విడుచును. ఏ.సి. వేసిన కారు క్రింద నీటి చుక్కలు పడుట రోగము కాదు, ఆరోగ్యము. ఆ గొట్టము మట్టిచేత పూడుకొన్నయెడల ఆ నీరే లోపల పొర్లును. సంఘములోను ఇట్లే జరుగును. పెద్దలమైన మేము తగవులు వినుట సమాధానము కొరకే. అయితే విన్నదానిని మత్తయి 18:15లో ప్రభువు చూపిన మార్గమున సంబంధించిన సహోదరుని యొద్దకు చేర్పింపక, లోలోపల నిలువ ఉంచుకొన్నయెడల, సమాధానపరచు కూటమే సంఘమును తడుపును.

ఇదంతయు కారు సంగతి మాత్రమేనా? మేమెరిగిన ఒక గ్రామములో ఒక విశ్వాసి కారును కిరాయికి త్రిప్పుచుండెను. డ్రైవరు అదే సంఘములోని పేద యువకుడు. ముందు సీటు ఎడమ ప్రక్కను నేల తడియుచుండుట చూచి, యజమాని, రాత్రి అద్దము దించి వదలుచున్నావని అతనిని గద్దించి, జీతములో వెయ్యి రూపాయలు పట్టుకొనెను. గుడి అరుగు మీద పదిమంది వినునట్లు ఆ మాట చెప్పెను. తరువాత పది దినములు వాన లేదు, తడి మాత్రము పోలేదు. మెకానిక్ చూడగా ఏ.సి. గొట్టము పూడుకొని యుండెను. యజమాని వెయ్యి రూపాయలు తిరిగి ఇచ్చివేసెను. లెక్క సరిపోయినదా?

ధర్మశాస్త్రము ప్రకారము సరిపోలేదు. అపరాధము చేసినవాడు మూలధనముతో ఐదవవంతు కలిపి చెల్లింపవలెను (సంఖ్యాకాండము 5:7). ఆ లెక్కన 1,200 రూపాయలగును. అంతకంటె పెద్ద బాకీ మరియొకటి మిగిలియున్నది. నింద అరుగు మీద, క్షమాపణ చెవిలోనా? పెద్దలు ఈ మాట అడుగగా ఆ యజమాని, మంచి మనస్సుతో, మరుసటి ఆదివారము అదే అరుగు మీద, అదే జనుల యెదుట, “వీడి తప్పేమీ లేదు, నేనే తొందరపడ్డాను” అని చెప్పెను. రెండువందలు కలిపి ఇచ్చెను. ఆ యువకుడు మాతో అన్నదేమనగా, “డబ్బు సంగతి కాదయ్యగారూ, మా అమ్మ ఇక తల వంచుకుని గుడికి రానక్కరలేదు.” గొట్టము బాగుచేయుట ఒక పూట పని. మనుష్యుని పేరు బాగుచేయుటకు, చెడగొట్టిన చోటికే తిరిగి పోవలెను.

అయితే ఒక హెచ్చరిక. ప్రతి చెమ్మకు చిల్లు ఉండదు. తడిసిన గొడుగు, బురద కాళ్లు, మూసిన అద్దముల మధ్య మన ఊపిరి – వీటివలనను తడి కలుగును. పుట్టు గ్రుడ్డివానిని చూచి, ఎవరి పాపమని శిష్యులు అడుగగా, వానిదియు వాని కన్నవారిదియు కాదని ప్రభువు సెలవిచ్చెను. యోబు స్నేహితులు అతనితో ఏడు దినములు మౌనముగా నేల కూర్చుండినంతవరకు మంచి స్నేహితులే. పరీక్షింపక మూలమును తేల్చి చెప్పుటకు నోరు తెరచినప్పుడే తప్పిరి. పొరుగింటిలో బిడ్డ జబ్బుపడినప్పుడు, గేదె చచ్చినప్పుడు, ఏమి పాపము చేసిరోయని మనము అనరాదు. అక్కడ మన పని వెదకుట కాదు, ప్రక్కన కూర్చుండుట.

కాబట్టి ప్రియులారా, మన యింటనైనను సంఘమునందైనను తడి కనబడినప్పుడు మూడు పనులు చేయుదము. సువాసనతో కప్పిపుచ్చకుందము. పరీక్ష ముగియువరకు ఎవరి పేరును ఎత్తకుందము. టార్చిలైటు మొదట మన హృదయము మీదనే వేసికొందము. నన్ను పరిశోధించుమని 139వ కీర్తనలో భక్తుడు వేడుకొనినది పొరుగువానిని గూర్చి కాదు, తన్ను గూర్చియే. అట్లు వెదకు కృపను ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.