వెళ్ళేటప్పుడు మూడు, వచ్చేటప్పుడు రెండు

మా ముత్తాత 1928లో రాజమండ్రి నుంచి కాశీ వెళ్ళొచ్చాడు. వాల్తేరు, హౌరా, మొగల్‌సరాయ్ మీదుగా, రైల్లో. ఆయన డైరీ పట్టుకుని పోయిన నవంబరులో నేనూ అదే దారిన వెళ్ళాను (మొగల్‌సరాయ్ స్టేషన్‌కి ఇప్పుడు వేరే పేరు). 1830లో మద్రాసు నుంచి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్యలా దారి పొడుగునా ఊళ్ళనీ మనుషులనీ పట్టించుకున్న యాత్రికుడేం కాదాయన. రాసింది చాలావరకు పద్దులే. జట్కాకి ఇంత, కూలీకి ఇంత, పండాకి ఇంత. వంతెన మీంచి గంగలో వేసిన చిల్లర కూడా లెక్క రాశాడు.

అసలు సంగతి ఆ లెక్కల్లోనే ఉంది. వెళ్ళేటప్పుడు మూడు టికెట్లు: తను, వాళ్ళమ్మ, భర్త పోయిన చెల్లెలు. వచ్చేటప్పుడు రెండు. మధ్యలో కేదారఘాట్ దగ్గర ఒక గదికి ఆరు నెలల అద్దె ముందుగా కట్టినట్టు ఒక పద్దు.

అమ్మని 'అమ్మగారు' అని రాశాడు. చెల్లెల్ని ప్రతిచోటా 'అది' అన్నాడు. దానికి జ్వరం, దానికి చీర. మా ఇళ్ళలో చెల్లెల్ని ముద్దుగా అనేదీ అలాగే, లెక్కలోంచి తీసేసేదీ అలాగే. ఈ 'అది' ఏ రకమో ఎన్నిసార్లు చదివినా తేలదు. ఆవిడే కాశీవాసం కోరుకుందేమో కూడా. కోరుకోవడానికి ఇంకేం మిగిల్చారు అన్నది వేరే ప్రశ్న.

నాన్ననడిగితే, "ఆ రోజులు అలాంటివిరా" అన్నాడు. ఈ మాట మనం చాలా తేలిగ్గా ఒప్పేసుకుంటాం. కానీ వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించింది ఆ రాజమండ్రిలోనే, 1881 డిసెంబర్ 11న. అంటే ఈ ప్రయాణానికి నలభై ఆరేళ్ళ ముందు. ఆ రోజులంటే ఆ పెళ్ళి కూడా. దానికి వెళ్ళినవాళ్ళని వెలేశారు, నిజమే. తల్లిని పక్కన పెట్టుకున్న మనిషికి ఆ భయం చిన్నదేం కాదు. అయితే భయపడ్డాడంటే, ఇంకో దారి ఉందని ఆయనకీ తెలుసనేగా? ఆయన్ని బోనెక్కించాలని కాదు. ఆరు నెలల అద్దె కట్టిన మనిషికి ఎంతో కొంత బాధ ఉండే ఉంటుంది. కానీ తప్పంతా కాలం మీదకి తోసేస్తే, ఆ బాధ కూడా ఆయనది కాకుండా పోతుంది.

కేదారఘాట్ వెనక సందుల్లో రెండు రోజులు తిరిగాను. గది దొరుకుతుందనే ఆశేం లేదు. ఎవరినైనా అడుగుదామన్నా ఆవిడ పేరు నాకు తెలీదు. డైరీలో లేదు. తద్దినాల్లో చెప్పుకునే పేర్లలోనూ లేదు.

డైరీ మొత్తం టైప్ చేసి కజిన్స్ గ్రూపులో పెడదామనుకున్నాను. ఆ అద్దె పద్దు ఉన్న పేజీ వదిలేయమన్నాడు బాబాయ్, పెద్దాయన పరువు పోతుందట. వదల్లేదు. అందరికంటే ముందు చూసింది మా అత్తయ్య. "ఆవిడ పేరేంట్రా?" అని అడిగింది.